ట్యూబ్ మధ్యలో జాయింట్ ఇక వేయం

అందరికీ నమస్కారం. పోయిన నెల మేం చేసిచ్చిన ఫర్నేస్ ట్యూబ్ (కొలిమి లోపల మంట వేడి తగిలే గొట్టం) ఒకటి ఒక కస్టమర్ దగ్గర వెల్డింగ్ పక్కనే పగిలి లీకైంది. వాళ్లు వెంటనే ఫర్నేస్ ఆపేయడంతో ఎవరికీ ఏమీ కాలేదు. తప్పు మాదే. ఇలాంటి జాయింట్లు మీలో కొందరి దగ్గర కూడా ఉన్నాయి కాబట్టి దాచకుండా చెప్తున్నాను.

ఆ ముక్క కోయించి తెప్పించుకుని, ఎర్ర పెనెట్రెంట్ (సన్నని పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవం) పూసి, కాసేపాగి తుడిచి, ఆ రంగును బయటికి లాగే తెల్ల డెవలపర్ కొట్టగానే వెల్డ్ అంచు వెంబడే వెంట్రుకంత ఎర్ర గీత ఊరింది. వెల్డ్ మీద కాదు, దాని పక్కన. గుండె జారిపోయింది, ఎందుకంటే ఆ జాయింట్ ఎక్స్‌రే క్లీన్‌గా ఉంది, హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) కూడా పాసైంది. ఎక్స్‌రేలో గుల్లలు, సరిగా అతకని చోట్లు కనిపిస్తాయి గానీ లోహం ఎంత గట్టిపడిందో తెలియదు. అది 9 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం స్టీల్. వెల్డింగ్ వేడి తగిలిన పక్క పట్టీ చల్లారేటప్పుడు బాగా గట్టిపడి పెళుసవుతుంది, అందుకే తర్వాత మళ్లీ 750 డిగ్రీల దాకా వేడి చేసి, అక్కడే నిలబెట్టి, నెమ్మదిగా చల్లార్చాలి. అది చేశాం, ఆ వేడి నమోదైన చార్టు కూడా ఉంది, కానీ వేడిని కొలిచే థర్మోకపుల్ పైన ఒక్కటే కట్టాం, కింది వైపుకి ఆ వేడి అందనే లేదు. క్రాక్ వచ్చింది కింది వైపే. హార్డ్‌నెస్ (లోహం గట్టిదనం) కొలిచి చూసుంటే షాపులోనే బయటపడేది.

ఇంకో తప్పు కూడా ఉంది. పూర్తి పొడవు ట్యూబ్ దొరక్క, డెలివరీ టెన్షన్‌లో రెండు ముక్కలు అతికించాం, ఆ జాయింట్ సరిగ్గా మంట ఎక్కువ తగిలే చోట పడింది. అంత వేడిలో ఒత్తిడి మీద ఏళ్ల తరబడి ఉండే ట్యూబ్ కొద్దికొద్దిగా సాగుతుంది, దాన్నే క్రీప్ అంటారు. ఈ రకం స్టీల్లో హీట్ ట్రీట్‌మెంట్ బాగా చేసినా జాయింట్ పక్క పట్టీయే ముందు అలిసిపోతుంది.

కాబట్టి ఇకపై హాట్ జోన్‌లో, అంటే మంట ఎక్కువ తగిలే చోట, జాయింట్ వేయం. పూర్తి పొడవు ట్యూబ్ వచ్చేదాకా ఆగుతాం, డెలివరీ ఆలస్యమవుతుంది, దానికి క్షమించాలి. మిగతా చోట్ల వేసే ప్రతి జాయింట్‌కీ చుట్టూ థర్మోకపుల్స్ కడతాం, వెల్డ్‌కి రెండు పక్కలా హార్డ్‌నెస్ రీడింగులు రాసిస్తాం.

ఇప్పటికే మా ట్యూబులు వాడుతున్నవాళ్లు వచ్చే షట్‌డౌన్ తేదీ చెప్పండి, మా ఖర్చుతోనే వచ్చి ప్రతి జాయింట్ చూస్తాం, తేడా ఉంటే మార్చేస్తాం. అప్పటిదాకా ఫర్నేస్ వేడెక్కించేటప్పుడు, చల్లార్చేటప్పుడు తొందరపడకండి. ట్యూబ్ మీద కొట్టిన జాయింట్ నంబర్ పంపితే దాని చార్టు తీసి, థర్మోకపుల్ ఎక్కడ కట్టామో అదే రోజు చెప్తాను.