టైర్ల పొగ ఆపించండి: పర్యావరణ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడకు దగ్గరి పల్లె నుంచి రాస్తున్నాను. మూడు అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాయవలసి వచ్చింది.

మా శివారు ఇటుక బట్టీలో రాత్రిపూట పాత టైర్లు కాలుస్తున్నారు. తెల్లవారేసరికి ఆరేసిన బట్టల మీద జిడ్డు మసి. దులిపితే పోదు, పాకుతుంది. ఆస్తమా ఉన్న మా అమ్మ చలికాలమంతా కూర్చునే కునుకు తీసింది. బూడిద కుప్పలోని ఉక్కు తీగ గుచ్చుకుని పక్కింటివారి ఎద్దు కుంటుతోంది.

కట్టెల పొగ మంచిదని నేను అనను. సర్కారు తుమ్మ కాల్చినా సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కానీ టైరులో గంధకం, జింకు ఉంటాయి. అరకొర మంటలో క్యాన్సర్ కారక రసాయనాలు వెలువడతాయి. సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ టైర్లు కాలుస్తారు కదా అనవచ్చు. అక్కడి కొలిమిలో వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అవి పూర్తిగా కాలతాయి. ఇటుక బట్టీకి ఆ వేడి ఎక్కడిది? పాత టైరుకు రీట్రెడింగ్ (అరిగిన టైరుపై కొత్త రబ్బరు పొర వేయడం) ఉంది, పొడి చేసి తారు రోడ్లలో కలిపే పద్ధతి ఉంది. 2022 నాటి కేంద్ర నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులపైనే పెట్టాయి. ఇంధనమే కావాలంటే మిర్యాలగూడ రైసు మిల్లుల్లో వరి ఊక ఉండనే ఉంది.

దయచేసి రాత్రివేళ తనిఖీ చేయించండి. టైర్లు కాల్చడం ఆపించి, తీసుకున్న చర్యను పంచాయతీ నోటీసు బోర్డుపై పెట్టించండి. పదిహేను రోజుల్లో లిఖితపూర్వక జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు కూతురు