ప్రకృతి దృశ్యాల కింద ఆ రెండు పంక్తులూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు తీసిన ప్రకృతి దృశ్యాలకు చోటిస్తున్నారు. చాలా మంచి పని. అయితే ఫొటో కింద 'గండికోట అందాలు' అనో 'లంబసింగి మంచు సోయగం' అనో ఒక్క ముక్క వేసి వదిలేస్తున్నారు. ఏ నెలలో, ఎన్నింటికి, ఏ లెన్సుతో తీశారు, తర్వాత కంప్యూటర్లో ఏం మార్చారు అన్నవి రెండు పంక్తుల్లో వేస్తే నేర్చుకునే పిల్లలకు ఆ పేజీ బడి అవుతుంది. అవి లేకపోవడం వల్ల రంగు దట్టించిన ఫొటోయే గొప్పదన్న భ్రమ పెరుగుతోంది. ఒకటి అచ్చయితే, మరుసటి వారం దాన్ని మించిన నారింజ రంగు ఆకాశంతో పది ఫొటోలు వస్తాయి.

గండికోటనే తీసుకోండి. ఎర్రమల కొండలను పెన్న కోసిన ఆ గండి దగ్గర అసలు చిక్కు రంగు కాదు, వెలుతురు తేడా. తెల్లవారుజామున సూర్యుడి వైపు తిరిగి తీస్తే ఆకాశం వెలిగిపోతుంది, గండి అడుగు చీకట్లో ఉంటుంది. ఈ రెంటినీ ఒక్క ఎక్స్‌పోజర్లో, అంటే ఒక్క క్లిక్కులో పట్టడం చాలా కెమెరాల వల్ల కాదు. వెలుతురును గండికి కొలిస్తే ఆకాశం తెల్లగా కొట్టుకుపోతుంది, ఆకాశానికి కొలిస్తే రాళ్లు బొగ్గవుతాయి. ట్రైపాడ్ మీద కెమెరా కదలకుండా రెండేసి స్టాపుల తేడాతో (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగమవడం) మూడు ఫొటోలు తీసి తర్వాత కలపడం ఒక దారి. కానీ సాఫ్ట్‌వేర్లో వాటిని దానంతటదే కలిపే హెచ్‌డీఆర్ బటన్ నొక్కి వదిలేస్తే రాయి, ఆకాశం కలిసే అంచు వెంట తెల్లటి గీత వస్తుంది. మీ పేజీలో అచ్చయిన ఫొటోల్లో ఆ గీత ఎన్నిసార్లు కనిపించిందో! పెద్దది చేసి చూస్తే పోల్చుకోవచ్చు. కొండ అంచుకు సున్నం పూసినట్టుంటుంది. మూడు ఫొటోలనూ చేత్తో, మెత్తని మాస్కులతో (ఏ భాగం ఏ ఫొటోలోంచి రావాలో చెప్పే పొరలతో) కలిపితే ఆ బాధ ఉండదు.

పైభాగం నల్లగా, కింది భాగం తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ వాడేవాళ్లు అక్కడికి మెత్తటి అంచున్నదే తీసుకెళ్లాలి. గండి అంచు ఎగుడుదిగుడు కాబట్టి గట్టి అంచు ఫిల్టర్ పెడితే రాళ్ల తలలు కూడా నల్లబడతాయి. భీమిలి దగ్గర సముద్రం తీసేటప్పుడైతే క్షితిజరేఖ తిన్నగా ఉంటుంది, అక్కడ గట్టి అంచే నయం.

నెల ఎందుకు వేయాలంటానో చెబుతాను. గండికోట ఉన్న అక్షాంశం దగ్గర జూన్ ఆఖరులో సూర్యుడు తూర్పుకు దాదాపు 24 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు, డిసెంబరు ఆఖరులో అంతే దక్షిణంగా. ఏడాదిలో 48 డిగ్రీల దాకా మారుతుందన్నమాట. అదే రాతి మీద నిలబడ్డా రాళ్ల మీద నీడలు పడే తీరే వేరు. డిసెంబరు ఫొటో చూసి ముచ్చటపడి మే నెలలో వెళ్లినవాడికి ఆ వెలుగు దొరకదు. తప్పు తన కెమెరాదేమో అనుకుని ఇంకో లెన్సు కొంటాడు. డిసెంబరు ఆఖరులో అక్కడ పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే. ఆకాశంలో మంచి రంగులు మాత్రం అంతకు అరగంట ముందే వచ్చి పోతాయి. అంటే చీకట్లోనే అక్కడ ఉండాలి. తలకు పెట్టుకునే లైటు లేకుండా ఆ రాళ్ల మీద నడవకూడదు.

ట్రైపాడ్ విషయంలో జరిగే పొరపాటు కూడా చిన్నదే. ఎత్తు చాలదని మధ్య కాడను పైకి లాగేస్తారు. గండి మీద గాలికి అదే ముందు ఊగుతుంది. కాళ్లను పూర్తిగా చాపి, కాడను కిందే ఉంచాలి. సంచీ వేలాడదీస్తే అది నేలను తాకేలా ఉండాలి. గాల్లో వేలాడితే గడియారం లోలకంలా ఊగి ట్రైపాడ్‌ను కూడా ఊపుతుంది. షట్టర్‌ను చేత్తో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాలి.

ఖరీదైన లెన్సు లేదని దిగులు పడేవాళ్లకు ఒక లెక్క. ఏపీఎస్-సీ (కాస్త చిన్న సెన్సరుండే) కెమెరాతో వచ్చే మామూలు కిట్ లెన్సును 18 మి.మీ. దగ్గర పెట్టి, ఎఫ్/11లో (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది), ఒకటిన్నర మీటర్ల దూరంలోని రాయి మీద ఫోకస్ చేస్తే ముప్పావు మీటరు నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా వస్తుంది. ఇంకా పదును కావాలని ఎఫ్/22కి వెళితే డిఫ్రాక్షన్ వల్ల, అంటే మరీ చిన్న రంధ్రంలోంచి వెలుగు చెదరడం వల్ల, మొత్తం ఫొటో మెత్తబడుతుంది.

లంబసింగి, వంజంగిలది వేరే కథ. వెలుతురు కొలిచే కెమెరా మీటరు ఎదురుగా ఉన్నదాన్నంతా మధ్యస్థ బూడిద రంగుగా లెక్కగడుతుంది. కాబట్టి తెల్లటి పొగమంచు మురికి పట్టినట్టు వస్తుంది. మీటరు లెక్కను సవరించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచి, వెలుగునీడల పంపకం చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్ కుడి గోడకు గుద్దుకోకుండా చూసుకుంటే మంచు మంచులా ఉంటుంది. వంజంగిలో మేఘాలు కాళ్ల కింద పరుచుకున్నప్పుడు అందరూ వైడ్ లెన్సు తీస్తారు. దాంట్లో కొండలు చీమలంత అవుతాయి. 70 నుంచి 200 మి.మీ. లెన్సుతో ఒక శిఖరాన్నీ, దాన్ని చుట్టుకున్న మేఘాన్నీ పట్టుకుంటేనే ఆ చోటు ఫొటోలోకి వస్తుందని నా గట్టి అభిప్రాయం.

తీరం వెంట తీసేవాళ్లు ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి వెళితే, చల్లబడిన లెన్సు మీద ఉక్కకు చెమ్మ పట్టేస్తుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. సంచీ జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచితే సరిపోతుంది. పాపికొండలు తీసేవాళ్లకు లాంచీ మీద ట్రైపాడ్ పనికిరాదు, ఇంజన్ అదురంతా దాని కాళ్లలోంచే ఎక్కుతుంది. చేత్తోనే పట్టుకుని, రెయిలింగుకు ఆనుకోకుండా, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి సెకనులో 500వ వంతులో తీయాలి.

ఇక అచ్చు సంగతి మీకు తెలియనిది కాదు. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, చుక్క వెడల్పవుతుంది, ఫోన్ తెర మీద కనిపించే నీడలోని చెట్టు మీ పేజీలో నల్లటి ముద్ద అవుతుంది. సాచురేషన్ (రంగుల గాఢత) విపరీతంగా పెంచిన ఆకాశం అచ్చుకు వాడే నాలుగు సిరాల సీఎంవైకే రంగుల్లోకి మారేసరికి మేఘాల గీతలన్నీ పోయి ఒకే చదునైన పట్టీగా మిగులుతుంది. ఈ సంగతి పాఠకులకు ఎవరూ చెప్పడం లేదు. నీడలు కొంచెం తేల్చి, సాచురేషన్ ముట్టకుండా పంపమని ఒక్క పెట్టె కట్టి వేయండి. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి. కుదించిన ఫైల్లో పొగమంచు మెట్లు మెట్లుగా విరిగిపోతుంది.

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఆ సందర్భంగా ఫొటోలు ఆహ్వానిస్తే ఎంపికైనవాటికి రా ఫైలు, అంటే కెమెరా నమోదు చేసిన మార్పులు చేయని ఫైలు, అడగండి. ఎడిటింగ్ చేయడం తప్పు కాదు, చేసింది దాచడం తప్పు. లేని చంద్రుణ్ని అతికిస్తే అది ప్రకృతి దృశ్యం కాదు.

ఇంకో విన్నపం. ప్రతివారం కొత్త చోటు చూపించే బదులు ఏడాదిలో ఒక్కసారైనా ఒకే చోటును పన్నెండు నెలలూ తీసినవారికి పేజీ ఇవ్వండి. ఊరి చెరువైనా సరే, హైదరాబాద్ ఖాజాగూడ రాళ్లైనా సరే. నిలబడే చోట నేల మీద ఒక గుర్తు, అదే లెన్సు, అదే ఎత్తు, ఫొటోలో ఓ మూల కదలని వస్తువు ఒకటి, కరెంటు స్తంభమో గుడి గోపురమో ఉంటే చాలు. నీరు ఎంత తగ్గింది, ఏ గుట్ట తరిగింది అన్నది ఆ స్తంభానికి పోల్చి చూసుకోవచ్చు. అలాంటివి పంపేవాళ్లు జిల్లాకు ఒకరిద్దరైనా ఉంటారు. అడిగితే ఈ కార్తీకం నుంచే మొదలుపెడతారు.

– ఒక ఛాయాగ్రాహకుడు, ప్రొద్దుటూరు