ట్రక్కు కొనేటప్పుడు బాడీ సైజు కాదు, బరువు చూడాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో వాహనాల పేజీ నేను వదలకుండా చదువుతాను. మొన్న చిన్న వ్యాపారాలకి పనికొచ్చే ట్రక్కుల గురించి వేశారు కదా, మైలేజీ రాశారు, ఫైనాన్స్ రాశారు, బాడీ పొడవు వెడల్పు రాశారు, ఏసీ ఉందో లేదో కూడా రాశారు, కానీ ఏ బండి మీద ఎన్ని కిలోలు వేయొచ్చో ఒక్కదానికీ రాయలేదు. తోటలు వేసి, లాన్లు పరిచి, చెట్లు కత్తిరించి బతికే మాలాంటి వాళ్ళకి ముందు కావాల్సింది ఆ నంబరే.

మా పని ఎలా ఉంటుందంటే ఒకరోజు బండి నిండా ఎండుకొమ్మలు, ఆకులు, ఇంకోరోజు మట్టి, కంకర, రాళ్ళు, నీళ్ళ ట్యాంకు. ఆకులు ఎంత ఎత్తు వేసినా బండికి తెలీదు, పట్టా కప్పి తాడు బిగిస్తే సరిపోతుంది. మట్టి అలా కాదు. తడి మట్టి ఒక ఘనపు మీటరుకి దాదాపు ఒకటిన్నర టన్నులు తూగుతుంది, కంకర కూడా ఇంచుమించు అంతే, నీళ్ళయితే వెయ్యి లీటర్లకి సరిగ్గా టన్ను.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఒక చిన్న ట్రక్కు గ్రాస్ వెయిట్, అంటే బండి, మనుషులు, సరుకు అన్నీ కలిపి ఉండదగ్గ మొత్తం బరువు, 2000 కిలోలు, ఖాళీ బండి 1000 కిలోలు అనుకుందాం, అంటే కాగితం మీద టన్ను లోడు. అందులోంచి డ్రైవరు, ఇద్దరు పనివాళ్ళు కలిపి 200 కిలోలు తీసేయండి. లాన్ మూవరు, బ్రష్ కట్టరు, పారలు, పెట్రోలు క్యాన్లు, చెక్కలు, తాళ్ళు కలిపి ఇంకో 150. బాడీకి గ్రిల్లు కట్టించి, కింద ఇనపరేకు వేయిస్తే మరో 100. మిగిలింది 550 కిలోలు. బాడీ ఏమో 2.4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, బాడీ చుట్టూ ఉండే డోర్లు 30 సెంటీమీటర్ల ఎత్తు. ఆ డోర్ల దాకా తడి మట్టి నింపితే 1600 కిలోలు! మోయాల్సినదానికి మూడింతలు. అంటే ఆ బండిలో మట్టి 10 సెంటీమీటర్ల ఎత్తు దగ్గరే ఆపేయాలి. బాడీ పెద్దగా ఉందని చూసి కొన్నవాళ్ళు ఎవరైనా అలా ఆపుతారా చెప్పండి, డోర్ కనిపిస్తున్నంత వరకు పోసేస్తారు, ఆ తర్వాత కమాన్ కట్టలు (బండి కింద బరువు మోసే స్ప్రింగు పట్టీలు) విరిగాయి, బ్రేకులు పట్టలేదు, టైరు పేలింది అని బండిని తిడతారు. టైరు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తాను, టైరు సైజు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్ 91 అయితే ఆ టైరు 615 కిలోలు మోస్తుంది, 112 అయితే 1120 కిలోలు, కాబట్టి పాత బండికి ఎవరైనా చవగ్గా కారు టైర్లు బిగించి అమ్ముతుంటే ఆ నంబరు చూసుకోవాలి.

డబుల్ క్యాబిన్ గురించి మీవాళ్ళు బాగా మెచ్చుకుంటూ రాశారు. మనుషులు సుఖంగా కూర్చుంటారు, నిజమే, కానీ ఆ వెనక సీటు బాడీ పొడవునీ లోడునీ రెండింటినీ తినేస్తుంది. మా పనికి నా ఓటు మామూలు క్యాబిన్, మూడువైపులా డోర్లు పడే ఫ్లాట్ బాడీ, వీలైనంత తక్కువ ఎత్తుది. రోజంతా మూవర్ని ఎక్కించి దించే నడుముకి తెలుస్తుంది ఆ తేడా.

డీజిలా పెట్రోలా అని కూడా ఊరికే మైలేజీ చూసి తేల్చేశారు. ఇప్పటి డీజిల్ బండ్లలో సైలెన్సర్ లైన్లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, ఆ మసి కాలిపోవాలంటే ఇంజను బాగా వేడెక్కి కొంతసేపు ఆగకుండా నడవాలి. మేమేమో రెండు కిలోమీటర్లు వెళ్ళి ఆపుతాం, పని అయ్యాక ఇంకో మూడు కిలోమీటర్లు, మళ్ళీ ఆపుతాం. అలాంటి తిరుగుడులో ఫిల్టర్ మూసుకుపోయి వార్నింగ్ లైటు వెలుగుతూనే ఉంటుంది, బాగు చేయించే ఖర్చు పెద్దదే. దూరాలు తిరిగేవాళ్ళకి డీజిల్ మంచిది, దగ్గర దగ్గర పనులవాళ్ళకి పెట్రోలు నయం. ఎలక్ట్రిక్ అయితే రోజూ తిరిగే దూరం తెలిసినవాళ్ళకి పనికొస్తుంది కానీ బ్యాటరీ బరువు పోగా లోడు ఎంత మిగిలిందో, లోడుతో ఎన్ని కిలోమీటర్లు వస్తుందో అడిగి తీరాలి.

మాలో ఎక్కువమంది కొనేది సెకండ్ హ్యాండే. దాని మీద మీరు ఒక్క పేరా కూడా రాయలేదు, నాకు బాధ అనిపించింది ఇక్కడే. అమ్మేవాళ్ళు ఇంజను ముందే వేడిచేసి పెడతారు, వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూసుకుని వేడిగా ఉంటే చల్లారాక మళ్ళీ రావాలి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే అసలు రంగు బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతుండొచ్చు. తర్వాత బండి కిందకి దూరాలి. ఛాసిస్ అంతా కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే సంతోషపడకుండా స్పానర్‌తో తట్టుకుంటూ పోవాలి, గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది, పెచ్చులు రాలతాయి. ముఖ్యంగా ఎరువులు మోసిన బండ్లు, ఆ ఉప్పు తడితో కలిసి బాడీ చెక్క కిందా, ఛాసిస్‌కి అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ల మూలల్లోనూ ఇనుముని తినేస్తుంది, పైనుంచి ఏమీ కనపడదు. వెనక కమాన్ కట్టలో ఎక్స్‌ట్రా పట్టీ వేయించి ఉంటే ఆ బండి జీవితమంతా ఓవర్‌లోడ్ మోసిందని అనుమానించాలి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజనైతే ఎప్పుడు మార్చారో బిల్లు అడగాలి, చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజను మొత్తం పోతుంది.

రేటు కన్నా ముందు ఇంకోటి, ఆ మోడల్ క్లచ్ ప్లేటు, బ్రేక్ షూలు, వాటర్ పంపు దగ్గర్లో అదే రోజు దొరుకుతాయా లేదా. చవగ్గా వచ్చిన అరుదైన మోడల్ కొని, ఒక చిన్న పార్టు కోసం వారాల తరబడి బండి నిలబెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. బండి నిలబడినా పనివాళ్ళకి కూలీ ఇవ్వాలి, ఒప్పుకున్న పని వేరేవాళ్ళకి పోతుంది.

కాబట్టి నా విన్నపం ఏంటంటే ఇకమీదట ఏ ట్రక్కు గురించి రాసినా గ్రాస్ వెయిట్, ఖాళీ బరువు, బాడీ కట్టాక మిగిలే లోడు, ఈ మూడూ తప్పకుండా వేయండి. ఇంకా మీ రిపోర్టరు ఖాళీ బండిని చదును రోడ్డు మీద తిప్పి రాయడం కాకుండా ఒకసారి అరటన్ను మట్టి వేసుకుని ఎత్తు ఎక్కి, దిగి, మధ్యలో బ్రేకు కొట్టి చూసి రాస్తే మేము కొనేముందు ఆ పేజీ చేత్తో పట్టుకుని వెళ్తాం.

ఇట్లు,
తోటల పని చేసుకునే మీ పాఠకుడు