ట్రాఫిక్ గ్రాఫును నమ్మే ముందు కౌంటర్ చూడండి

సంపాదకులు గారికి,

జడ్చర్ల నుంచి మిర్యాలగూడ దాకా కాలేజీలు, ఆసుపత్రులు, కేబుల్ ఆపరేటర్లు ఇంటర్నెట్ లైను పెంచాలా వద్దా అన్నది ట్రాఫిక్ గ్రాఫు (లైనులో ఎప్పుడు ఎంత డేటా పోయిందో చూపే గీత) చూసే తేల్చుకుంటున్నారు. బిల్లు మీద పేచీ వచ్చినా ముందుకొచ్చే సాక్ష్యం అదే. లైను బాగానే ఉండి, లెక్క మాత్రం తప్పిన గ్రాఫులు వీటిలో తక్కువేం కాదు. ఇది డబ్బుతో ముడిపడిన విషయం కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ దారి తప్పించేది 32 బిట్ల కౌంటర్. పోర్టు (కేబుల్ తగిలించే చోటు) మీదుగా పోయిన బైట్లను రూటర్ కరెంటు మీటరులా ఎక్కించుకుంటూ పోతుంది. ఎంఆర్‌టీజీ, క్యాక్టై వంటి గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్లు మామూలుగా ఐదు నిమిషాలకోసారి ఆ అంకె తెచ్చుకుని, అందులోంచి పాత అంకె తీసేసి, బైట్లు బిట్లయ్యేలా 8తో గుణించి, 300 సెకన్లతో భాగిస్తాయి. 32 బిట్ల కౌంటర్ 4,29,49,67,295 దాకా ఎక్కి మళ్లీ సున్నాకు వస్తుంది. ఐదు నిమిషాల్లో ఒక చుట్టు కంటే ఎక్కువ తిరిగితే, ఎన్ని చుట్లు తిరిగిందో సాఫ్ట్‌వేర్‌కు తెలిసే దారే లేదు. ఆ హద్దు సుమారు 114 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). లైనులో నిజంగా 150 పోతుంటే గ్రాఫు 35 చూపుతుంది, 200 పోతుంటే 85 చూపుతుంది. రాత్రి హాస్టల్ పిల్లలంతా వీడియోలు పెట్టుకునే వేళకు గీత కిందికి జారుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

64 బిట్ల కౌంటర్‌కు మారితే ఈ బాధ పోతుంది. అయితే ఎస్‌ఎన్‌ఎంపీ (రూటర్ నుంచి ఈ అంకెలు చదివే పద్ధతి) వెర్షన్ 1లో అది రాదు, 2సీ గానీ 3 గానీ పెట్టాలి. ఎంఆర్‌టీజీ సెట్టింగుల ఫైలులో, ఏ రూటర్‌ను చదవాలో చెప్పే టార్గెట్ లైను చివర ఐదు కోలన్లు, వాటి పక్కన 2 ఉండాలి. ఆ 2 మరిచిపోతే పాత కౌంటరే చదువుతుంది, హెచ్చరిక కూడా ఇవ్వదు.

సరిచూసుకోవడం చేత్తోనే అవుతుంది. లోపలికొచ్చే బైట్ల 64 బిట్ల కౌంటర్ చిరునామా 1.3.6.1.2.1.31.1.1.1.6, దాని చివర ఎస్‌ఎన్‌ఎంపీలో ఆ పోర్టుకున్న నంబరు. దాన్ని 60 సెకన్ల తేడాతో రెండుసార్లు చదివి, తేడాను 8తో గుణించి 60తో భాగించండి. తేడా 150 కోట్లు వస్తే 200 ఎంబీపీఎస్. పది సెకన్ల తేడాతో చదివితే కుదరదు. కొన్ని రూటర్లు కౌంటర్‌ను కొన్ని సెకన్లకోసారే తాజా చేస్తాయి, అంకెలు ఎగుడుదిగుడుగా వస్తాయి.

లైను 100 నుంచి 300కు పెంచాక 100 దాటినప్పుడల్లా గ్రాఫు ఖాళీ అవుతుంటే, సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన గరిష్ఠ పరిమితి పాతదే ఉండిపోయిందన్నమాట. ఎంఆర్‌టీజీలో అది సెకనుకు బైట్లలో ఉంటుంది: 1,25,00,000 తీసి 3,75,00,000 రాయాలి. క్యాక్టైలా ఆర్‌ఆర్‌డీ ఫైళ్లు (కొలతలు దాచే ఫైళ్లు) వాడేచోట ఫైలు లోపలి పరిమితిని కూడా ఆర్‌ఆర్‌డీటూల్ ట్యూన్ ఆదేశంతో విడిగా మార్చాలి. రూటర్ రీబూట్ అయ్యాక ఒక పోర్టు గ్రాఫులో ఇంకో పోర్టు ట్రాఫిక్ కనిపిస్తే, పోర్టు నంబర్లు మారిపోయాయి. నంబరుతో కాక పోర్టు పేరుతో గుర్తించేలా పెట్టండి.

నెల గ్రాఫు చూసి "లైను చాలు" అనేయడం ఇంకో పొరపాటు. ఇంటర్ ఫలితాలొచ్చిన నాడు ఒక నిమిషం పాటు 1000 ఎంబీపీఎస్ వాడి తర్వాత ఊరుకుంటే, ఐదు నిమిషాల సగటు 200, వారం గ్రాఫులోని అరగంట సగటు 33. నెల గ్రాఫులో ఒక్కో చుక్క రెండు గంటల సగటు, అక్కడ ఆ ఎత్తు మిగలనే మిగలదు. సగటుతో పాటు గరిష్ఠ విలువనూ దాచమని ఆర్‌ఆర్‌డీ ఫైలు తయారుచేసేటప్పుడే చెప్పాలి. తర్వాత చెప్పినా, పోయిన శిఖరాలు తిరిగి రావు.

చందాదారులకు నా విన్నపం ఒకటే. ఒప్పందంలో ఎన్ని బిట్ల కౌంటర్, ఎన్ని నిమిషాలకో రీడింగు, బిల్లు సగటు మీదా 95వ శతాంశం (రీడింగుల్లో పై 5 శాతం వదిలేశాక మిగిలిన గరిష్ఠం) మీదా అన్న మూడూ రాయించుకోండి. మీ రూటర్‌లోకి వచ్చేది ఆపరేటర్ రూటర్ నుంచి బయటికి పోయేదే కాబట్టి, రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టేటప్పుడు మీ "ఇన్"ను వాళ్ల "అవుట్"తో పోల్చండి.

— ఒక నెట్‌వర్క్ నిర్వాహకుడు, నల్లగొండ