పెచ్చులపై సిమెంటు మెత్తడం పటిష్ఠీకరణా?

సంపాదకుల వారికి,

మా పట్టణంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల పాత భవనంలో ‘శ్లాబు పటిష్ఠీకరణ’ పూర్తయిందని పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో, రిబ్బను కత్తిరిస్తున్న చిత్రంతో సహా వార్త వేశారు. నిరుడు కార్తీకంలో మధ్యాహ్న భోజన వేళ అదే శ్లాబు అడుగు నుంచి పెచ్చులూడి పడిన సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు. కంటి శుక్లాల ఆపరేషన్ వల్ల ఈ లేఖ ఆలస్యమైంది. కట్టు విప్పగానే నేను వెళ్లి చూసింది ఆ భవనాన్నే.

పని చేసిన మేస్త్రి చెప్పిన ప్రకారం, వేలాడుతున్న పెచ్చులను రాలగొట్టి, బయటపడిన చువ్వలను వైరు బ్రష్షుతోనైనా తోమకుండా సిమెంటు మెత్తి, రంగు వేశారు. పై అంతస్తు తరగతి గదుల్లో పాత గచ్చు మీదే మూడంగుళాల కాంక్రీటు పోసి టైల్స్ పరిచారు. పటిష్ఠీకరణ అంతటితో సమాప్తం.

తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, కింది కాంక్రీటును లోపలి నుంచి తోసివేస్తుంది కనుకనే పెచ్చులూడతాయి. కాంక్రీటు కట్టడాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 1978 నాటి ప్రతి ప్రకారం శ్లాబుకు కనీస కవరు, అంటే చువ్వలను కప్పి ఉంచే కాంక్రీటు మందం, 15 మిల్లీమీటర్లు కాగా, 2000 నాటి సవరణ సముద్రతీర గాలికి గురయ్యే కాంక్రీటుకు 45 మిల్లీమీటర్లు కోరుతున్నది. ఉప్పుగాలి వీచే మా ఊళ్లో ఆ పాత శ్లాబు ఇన్నేళ్లు నిలవడమే గొప్ప. తుప్పును లోపలే ఉంచి పైన మెత్తిన సిమెంటు, రెండు వానాకాలాలు గడిచేసరికి పిల్లల కంచాల్లో పడుతుంది.

అంతకంటే ఆందోళన కలిగించేది పైన పోసిన కాంక్రీటు. తరగతి గది నేలకు, పిల్లలు, బల్లల వంటి వాటి వల్ల చదరపు మీటరుకు దాదాపు 300 కిలోల అదనపు భారాన్ని లెక్కలోకి తీసుకోవాలని, కట్టడాలపై పడే భారాల ప్రమాణమైన ఐఎస్ 875 చెబుతున్నది. మూడంగుళాల కాంక్రీటు ఒక్కటే చదరపు మీటరుకు సుమారు 180 కిలోలు తూగుతుంది. అంటే పిల్లలు, బల్లలు రాకముందే సగానికి పైగా బలాన్ని కొత్త గచ్చే తినేసింది. ఆ పొర నిజంగా శ్లాబుతో కలిసి పనిచేయాలంటే పాత ఉపరితలాన్ని గరుకుగా చెక్కి, దుమ్ము కడిగి, రెండు పొరలనూ పట్టి ఉంచే చువ్వలను ఎపాక్సీ అనే గట్టి జిగురుతో నాటాలి. లేకపోతే అది బలం కాదు, బరువు.

సరైన పద్ధతులు తెలియనివేమీ కావు. ముందుగా జాకీలు పెట్టి శ్లాబు భారాన్ని ఎత్తిపట్టాలి. లేనిపక్షంలో కొత్తగా చేర్చిన చువ్వలు ఇప్పటికే ఉన్న భారంలో పాలు పంచుకోవు. తుప్పు పట్టిన చువ్వల వెనక వరకు కాంక్రీటు తొలిచి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి, చిక్కిపోయిన చోట కొత్త చువ్వలు జతచేసి, సన్న కంకరతో జారుగా పోసే మైక్రో కాంక్రీటుతో గాని, గొట్టంతో ఒత్తిడి మీద సిమెంటు మిశ్రమాన్ని చిమ్మే గనైటింగుతో గాని నింపాలి. అడుగున ఇనుప దూలాలు దింపి, శ్లాబు ఆధారాల మధ్య నిడివి తగ్గించవచ్చు. అయితే కొత్త దూలం మీద శ్లాబు పైభాగం లాగుడుకు గురై పగలవచ్చు, అక్కడ దాన్ని తట్టుకునే చువ్వలు లేవన్న సంగతి లెక్కలో ఉండాలి. గురుగ్రామ్‌లో 2022 ఫిబ్రవరిలో, మరమ్మతు జరుగుతున్న ఆరో అంతస్తు శ్లాబు కూలి, కింది అంతస్తుల శ్లాబులను ఒకదాని వెంట ఒకటి తీసుకుపోయి ఇద్దరిని బలిగొన్నది. అయినా ఇక్కడ ఒక్క జాకీ అయినా పెట్టలేదని మేస్త్రే చెప్పాడు.

కాంక్రీటును తట్టి దాని గట్టిదనం అంచనా వేసే రీబౌండ్ హ్యామర్‌తో పరీక్షించారా అని కార్యాలయంలో అడిగితే, ‘ఎస్టిమేట్‌లో ఆ ఐటం లేదండీ’ అన్నారు. గ్రానైటు శిలాఫలకానికి, దాని మీద పదకొండు పేర్లు చెక్కించడానికి మాత్రం ఐటం ఉన్నట్టుంది. మా రోజుల్లో కొలతల పుస్తకంలో సంతకం పెట్టే ముందు ఇంజనీరు నిచ్చెన ఎక్కేవాడు. ఇప్పుడు ఫొటో ఎక్కితే చాలు.

మీ విలేకరి ఈసారి వెళ్లినప్పుడు చిన్న సుత్తి ఒకటి వెంట తీసుకువెళ్లి, కింది వరండాలో తూర్పు వైపు మూడో దూలం పక్కన రంగు మీద తట్టి చూడవలసిందిగా మనవి. అక్కడ కొబ్బరిచిప్ప తట్టినట్టు డొల్లగా మోగుతుంది. ఆ పనికి ఏ పరీక్షలు చేశారో, ఫలితాలేమిటో అడిగి, వచ్చిన జవాబును ఆ చిత్రం వేసిన పేజీలోనే ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
కాకినాడ