పదకొండు చేతులు, ఒక కుట్టుమిషన్

సంపాదకులవారికి,

పది రోజుల కిందట మీ మూడో పేజీలో వచ్చిన ఫొటో గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైందని తెలుసు. మొదట రాయకూడదనే అనుకున్నాను. తర్వాత అదే విషయం మీద ఒక పాఠకుడి ఉత్తరం కూడా వేశారు. ఇక ఊరుకోలేకపోయాను.

ఫొటో అందరూ చూసే ఉంటారు. ఒక కుట్టుమిషన్, దాని మీద పదకొండు చేతులు. నేను లెక్కపెట్టాను. ముప్పై ఏళ్లు జమాఖర్చుల పుస్తకాలతో గడిపినవాణ్ణి, లెక్కపెట్టకుండా ఉండలేను. ఆ పదకొండులో మిషన్ అందుకుంటున్నామె చెయ్యి ఒక్కటే. ముఖ్య అతిథి పేరు, హోదా, ఆయన పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు, వాళ్ల హోదాలు అన్నీ వేశారు. పైన ‘పేదలకు చేయుత’ అని శీర్షిక. ‘చేయూత’ అనబోయారని నా అనుమానం. ఒకప్పుడు మీ పత్రిక చదివి పిల్లలకు డిక్టేషన్ చెప్పేవాళ్లం. సరే, ఆ గొడవ మరోసారి.

ఆ మిషన్ ఇచ్చిన క్రైస్తవ సేవాసంస్థ అసలు పని మిషన్లు పంచడం కాదు. మూడేళ్లుగా ప్రతి గురువారం సాయంత్రం చర్చి వెనక గదిలో రెండు బల్లలు వేసుకుని కూర్చుంటారు. చుట్టుపక్కల అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు అక్కడికొస్తారు. నేను ఆ సంఘం సభ్యుణ్ణి కాను. ఈ మాట ముందే చెప్పకపోతే మిగతాది ఎవరూ వినరని చెప్పుకోవాల్సి రావడమే చిరాకు. లెక్కలు తెలిసినవాళ్లు కావాలంటే వెళ్లాను, అలా ఉండిపోయాను.

ఫొటోలోని ఆమె మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. నిండా విప్పని కవర్లు. భయంతో విప్పలేదట. వాటిని తేదీలవారీగా పేర్చి, అసలెంత, వడ్డీ ఎంత, ఇప్పటికే ఎంత కట్టింది అని రాసుకోవడానికి మాకు నాలుగు గురువారాలు పట్టింది. ఒక అప్పుకైతే అసలు ఎప్పుడో తీరిపోయింది, ఆమె కడుతున్నది వడ్డీ మీద వడ్డీ. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ ఆమెతో పాటు మనిషి వెళ్లి, నెలకింతని ఒప్పించాలి. వాళ్లు కసురుకుంటే పడాలి, మళ్లీ వెళ్లాలి. దీన్ని ఫొటో తీయలేరు, నిజమే. కానీ అసలు పని ఇదే. మిషన్ చివర్లో వచ్చింది, అదీ పాతది.

మీ ఫొటో చేసిన మేలు వినండి. అది అచ్చయిన మర్నాడే అప్పులవాళ్లు ఇద్దరు ఆమె గుమ్మంలో ప్రత్యక్షం. “పేపర్లో పడేంతదానివయ్యావు, మా బాకీ సంగతేంటి?” అని. నాలుగు నెలలు తిరిగి ఒప్పించిన వాయిదాలు ఒక్క పూటలో మొదటికొచ్చాయి. పైగా ఫొటో కోసం హడావిడిగా దించిన ఆ మిషన్‌కి అప్పటికి బెల్టే లేదు.

తప్పు మీ ఒక్కరిదే కాదు. పెద్దమనుషుల్ని ఎందుకు పిలిచారని నిర్వాహకుల్ని అడిగాను. “పేపర్లో వస్తే కానుకలు పెరుగుతాయి కదండీ” అన్నారు. ఇంతవరకూ పెరిగినట్టు నా పుస్తకంలో అయితే కనిపించలేదు.

ఇక ఆ పాఠకుడి ఉత్తరం. ఇదంతా మతం మార్చడానికే అన్నారు. ఆదివారం ప్రార్థనకు వస్తేనే సాయం అని ఎవరైనా అంటే అది సేవ కాదు, బేరం. అలాంటివాళ్లు లేరని నేననను. ఆ గదిలో ఆ మాట వినబడితే మాత్రం మొదటి ఫిర్యాదు నాదే. ఈ అనుమానం కొత్తదేమీ కాదు. 4వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జూలియన్‌కు క్రైస్తవులంటే అస్సలు గిట్టదు. గలతీయ ప్రాంతంలో (ఇప్పటి టర్కీలో ఉంది) పాత రోమన్ దేవతల ప్రధాన పూజారికి ఆయన రాసినట్టు చెబుతున్న ఉత్తరం ఒకటుంది. వీళ్లు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మన సాయం అందకపోవడం సిగ్గుచేటు అని అందులో వాపోయాడు. వాపోయి ఊరుకోలేదు, ఊరూరా సత్రాలు పెట్టించమన్నాడు, ధాన్యం కేటాయించాడు. మన పాఠకుడు ఉత్తరం రాసి నిద్రపోయారు. (నేను చేస్తున్నదీ అదే అంటారా, గురువారం రండి, చూపిస్తాను.)

ఇలా ఇస్తూ పోతే జనం సోమరులవుతారన్నది ఆ పాఠకుడి రెండో మాట. అసలు ఊరికే ఇస్తున్నదెవరు? 1746లో ఇంగ్లండ్ క్రైస్తవ బోధకుడు జాన్ వెస్లీ లండన్‌లో ఈ చివర నుంచి ఆ చివరి దాకా తిరిగి డబ్బు పోగుచేసి పేదల కోసం ఒక అప్పు నిధి పెట్టాడు. మనిషికి 20 షిల్లింగులు మించకుండా అప్పు, మూడు నెలల్లో తిరిగి కట్టాలి. ఆ చిన్న మొత్తమే చేతులు మారుతూ కొద్దికాలంలో 250 మందికి పైగా అక్కరకొచ్చింది. తీసుకున్నవాళ్లు సోమరులైతే అది రెండో మనిషి దగ్గరే ఆగిపోయి ఉండేది.

అధికారుల ప్రస్తావన తేకూడదనుకున్నాను గానీ రైఫైజెన్ గుర్తొస్తే ఆగలేను. జర్మనీలో వాయర్‌బుష్ అనే చోట ఆయన మేయర్, అంటే ఆయనా అధికారే. భక్తిపరుడు. 1846-47 చలికాలంలో కరువొచ్చింది. ప్రభుత్వం పిండి పంపి, రొక్కం ఇచ్చినవాళ్లకే అమ్మమంది. రొక్కమే ఉంటే వాళ్లకు కరువెందుకు? ఆయన ఆ ఉత్తర్వు పక్కన పెట్టి, ఉన్నవాళ్ల దగ్గర చందాలు పోగుచేసి, లేనివాళ్లకు అరువు మీద ఇచ్చాడు. తర్వాత దానధర్మం ఒక్కటే ఎక్కువకాలం నిలవదని గ్రహించి, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో జనమే సభ్యులుగా ఒకరికొకరు పూచీ ఉండే పరపతి సంఘం పెట్టాడు. నేటి సహకార పరపతి సంఘాల మూలాల్లో అదొకటి. ఒక అధికారి ఒక ఉత్తర్వును తలతో చదివితే ఇంత జరిగింది.

మన అధికారులో! ఇదే ఆమెకు రావాల్సిన ప్రభుత్వ సాయం కోసం మేం ఒక కార్యాలయానికి పదకొండుసార్లు తిరిగాం. (మళ్లీ పదకొండే, నా ఖర్మ.) మొదట ఫారం మారిందన్నారు. తర్వాత సర్వర్ లేదన్నారు, ఆ తర్వాత సర్వర్ ఉంది, సారు లేరు. పాత కాగితాలు కనబడటం లేదు, మళ్లీ ఇవ్వమన్నారు. చివరికి ఒకాయన కళ్లజోడు సర్దుకుని, “మీకు చర్చివాళ్లు ఇస్తున్నారు కదమ్మా, మళ్లీ ప్రభుత్వం ఎందుకు?” అన్నారు. చర్చివాళ్లేమో ప్రభుత్వ సాయం ఇప్పించడానికే ఆమెను అక్కడికి తీసుకొచ్చారు! ఏడు నెలలైంది. ఒక్క సంతకం.

బైబిల్లో మంచి సమరయుడి కథ క్రైస్తవులు కానివాళ్లకూ తెలుసు. దెబ్బలు తిని పడివున్నవాడికి కట్టుకట్టాడు, అంతవరకే అందరూ చెబుతారు. తర్వాత అతణ్ణి పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారాలిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే మళ్లీ వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. నాకు నచ్చేది ఆ మళ్లీ రావడమే. 1833లో ప్యారిస్‌లో ఇరవై ఏళ్ల ఓజనామ్, అతని తోటి విద్యార్థులు మొదలుపెట్టిన విన్సెంట్ డి పాల్ సంఘం పని కూడా అదే. పేదల ఇళ్లకు వెళ్లడం, కూర్చోవడం, వినడం, మళ్లీ వెళ్లడం. పండగకు మూటలు పంచి ఏడాదంతా మొహం చాటేసే సంస్థలు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. మీ పేజీలు నింపేది వాళ్లే.

ఆ గదిలో ఇప్పుడు ఒక కుర్రాడు మాకు సాయం చేస్తున్నాడు. రెండేళ్ల కిందట వాళ్ల నాన్న అదే బల్ల ముందు తల దించుకుని కూర్చున్నాడు. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ల కవర్లు ఆ కుర్రాడే విప్పుతాడు. మా అందరికంటే మెల్లగా, జాగ్రత్తగా విప్పుతాడు. వార్త కావాలంటే అది వార్త. విలేకరిని పంపండి, కెమెరా లేకుండా.

మిషన్ సంగతి అడుగుతారేమో. బెల్టు వేయించాం, తొమ్మిది రోజులు పట్టింది. ఆమె కుడుతోంది. ముఖ్య అతిథిగారు మళ్లీ ఎప్పుడైనా మీ విలేకరికి తటస్థపడితే ఒక్క ముక్క చెప్పమనండి. ఆమె ఫైలు ఏడు నెలలుగా సంతకం కోసం ఆగింది వారి బల్ల మీదే.

ఇట్లు,
మీ పాత చందాదారుడు
(పేరు ప్రచురించవద్దు. ఫొటో అసలే వద్దు.)