పళ్ల తెలుపు: లైటు కన్నా ట్రే మేలు

ఎడిటర్ గారికి,

పళ్లు తెల్లబడే మార్గాలు చెప్పేవారు పేస్టునూ బ్లీచింగునూ ఒకే గాటన కట్టేస్తున్నారు. టీ, కాఫీ, పొగాకు గార పంటి పైనే ఉంటుంది. రుద్దితేనో, డాక్టరు స్కేలింగ్ చేసి గీకేస్తేనో పోతుంది. వయసుతో వచ్చే పసుపు ఎనామిల్ అనే పై పొర కింద ఉండే డెంటిన్ పొరది. దాన్ని తగ్గించాలంటే బ్లీచింగ్ మందు పెరాక్సైడ్ లోపలిదాకా ఇంకాల్సిందే.

వైటెనింగ్ పేస్టులో పనిచేసేది ఎక్కువగా సిలికా లాంటి గరుకు పొడి. కొన్నిటిలో నీలి రంగు కలుపుతారు, బట్టలకు నీలిమందు పెట్టినట్టు. బొగ్గుపొడి కూడా రుద్దుడు బాపతే. వంటసోడా ఎనామిల్ కన్నా మెత్తన, పైగారకు పరవాలేదు. నిమ్మరసం మాత్రం వద్దు. అది ఎనామిల్‌ను కరిగిస్తుంది, పొర పలచబడేకొద్దీ కింది పసుపు ఇంకా బయటపడుతుంది.

క్లినిక్‌లో చిగుళ్లకు రక్షణగా రెజిన్ పూత వేసి, 35-40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్‌ను పావుగంట చొప్పున రెండు మూడు విడతలు పెడతారు. ఇంట్లో పళ్లకు తొడుక్కునే పలచటి ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ ఉంటుంది. అందులోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే. అయినా రాత్రిపూట రెండు వారాలు పెట్టుకుంటే చివరికి తేలే రంగులో క్లినిక్‌కూ దీనికీ పెద్ద తేడా ఉండదు. క్లినిక్‌లో అద్దం చూపించగానే కనబడే మెరుపులో కొంత, నోరు తెరిచి ఉంచడంతో పళ్లు ఆరిపోవడం వల్ల వచ్చిందే. ఒకట్రెండు రోజుల్లో తడి చేరి, రంగు ఒక మెట్టు దిగుతుంది. షేడ్ గైడుతో (పంటి రంగుల నమూనా పట్టీతో) సరిచూడాల్సింది రెండు వారాల తర్వాత. క్లినిక్‌లో జెల్ మీద వేసే నీలి లైటు వల్ల ఒరిగేది స్వల్పం, అది హంగు కిందే లెక్క.

ట్రే మీ పళ్ల అచ్చుతోనే చేయించాలి. పంటికి ముందువైపు బియ్యపు గింజంత జెల్ చాలు. పొంగి వచ్చింది పొడి బ్రష్‌తో తుడిచేయాలి. వదులు ట్రేలోకి లాలాజలం చేరి జెల్ సత్తువ పోతుంది, బయటికి కారిన జెల్‌తో చిగురు తెల్లగా కాలుతుంది. పళ్లకు అంటించే స్ట్రిప్పులలోనూ పెరాక్సైడే ఉంటుంది కానీ, వంకర పళ్ల సందుల్లో అవి సరిగా అంటవు.

పళ్లు జివ్వుమంటే రోజు విడిచి రోజు పెట్టండి. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టును అదే ట్రేలో పావుగంట ఉంచినా నెమ్మదిస్తుంది. పుచ్చు ఉంటే ముందు దాన్ని పూడ్పించాలి, లేదంటే జెల్ నేరుగా లోపలికి దిగుతుంది.

టెట్రాసైక్లిన్ మందుతో పడిన బూడిదరంగుకు వారాలు చాలవు, నెలలు పడుతుంది. రూట్ కెనాల్ అయి నల్లబడిన పన్నును లోపలినుంచి బ్లీచ్ చేయాలి. క్యాపులు, ఫిల్లింగులు దేనికీ తెల్లబడవు. ముందుపళ్లలో పాత ఫిల్లింగు ఉంటే బ్లీచింగ్ ముగిశాక కొత్త రంగుకు తగ్గట్టు మార్పించుకోవాలి, అదీ రెండు వారాలు ఆగి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ పోకముందే పెడితే కొత్త ఫిల్లింగులోని రెజిన్ గట్టిగా పట్టుకోదు.

- ఒక దంతవైద్యుడు